షిరాజ్ కోత అయ్యేదాకా

తాడేపల్లిగూడెం,
8 సెప్టెంబరు 2024

పద్మా,

రమ్య క్షేమంగా చేరిందని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి మీ బావగారు ఊపిరి పీల్చుకున్నారు. నాకింకా ఆడలేదు.

ఫోన్లో మొదలుపెడితే మనిద్దరం మూడో మాటకే గొడవకి దిగుతున్నాం. మొన్న బయల్దేరే ముందు రమ్య ఆ గోలంతా విని, "అమ్మా, నువ్వూ పిన్నీ ఉత్తరాలు రాసుకోండి. సగం కోపం రాస్తుండగానే అరిగిపోతుంది" అంది. సరే, అదీ చూద్దాం. మన ఉల్లిపాయల మార్కెట్‌కి నాసిక్ లోడు తెచ్చే బాలస్వామి, తిరుగు లారీలో కొబ్బరికాయలు వేసుకుని మీ దిండోరి మీదుగానే వెళ్తాడు. ఈ ఉత్తరం, మాగాయ జాడీ, కందిపొడి, దానికి రెండు కాటన్ చుడీదార్లు అతని చేతికిస్తున్నాను. జాడీ ఒరక్కుండా దించుకో.

రమ్య పొద్దున్నే ఏమీ తినదు. బతిమాలాలి. ఎండలో తిరిగితే తలనొప్పి వస్తుంది, చెప్పదు, మూతి ముడుచుకుని కూర్చుంటుంది. అదే గుర్తు. జుట్టుకి వారానికోసారైనా కుంకుడుకాయ పెట్టు, సంచీలో వేశాను.

వెంకట్రామన్నగూడెంలో హార్టికల్చర్ చదివించింది పెదవేగిలో పామాయిల్ నర్సరీలోనో, నల్లజర్లలో కోకో తోటల్లోనో ఏదో ఒక పని చూసుకుని కళ్ళెదురుగా ఉంటుందని. అది పోయి పోయి నువ్వు పనిచేసే ఆ కంపెనీ తోటే కావాలంది. అదీ తినే ద్రాక్ష కాదు, సారా కాచే ద్రాక్ష. చుట్టాలకి "ట్రైనింగ్" అని మాత్రం చెబుతున్నాను. నువ్వూ అంతవరకే చెప్పు.

కోత అవగానే పంపించెయ్యాలి. ఆ మాట మీదే ఒప్పుకున్నాను.

మీ అక్క,
సత్యవేణి


దిండోరి, నాసిక్ జిల్లా,
29 సెప్టెంబరు 2024

అక్కా,

మాగాయ మూత తియ్యగానే మీ మరిది ఆ పూట డ్యూటీకి వెళ్ళనన్నారు. జాడీ ఒరగలేదు. బాలస్వామి దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని క్లీనర్‌కి కూడా ఇవ్వలేదట.

రమ్య గురించి బెంగపడకు. పొద్దున్న తినదని రాశావు కదా, నేనూ భయపడ్డాను. ఇక్కడ తోటలో ఆరింటికే పోహా పెడతారు, మన అటుకుల ఉప్మా లాంటిదే. అడిగి మరీ రెండోసారి పెట్టించుకుంటోంది! తలనొప్పి ఊసే లేదు. మా అభిరామ్ పుణె హాస్టల్‌కి వెళ్ళినప్పట్నుంచి ఈ ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడేది. ఇప్పుడు టీవీ పెట్టే పనే లేదు.

ఇప్పుడు కత్తిరింపులు నడుస్తున్నాయి. ఇక్కడ ద్రాక్షకి ఏటా రెండుసార్లు కత్తెర పడుతుంది. ఏప్రిల్లో కొట్టేది కొమ్మ కోసం, ఇప్పుడు కొట్టేది పండు కోసం. కొమ్మ మీద చిగురొచ్చే ఏ కన్ను దగ్గర కొయ్యాలో రమ్యకి ఒకసారి చూపించానంతే. మా షిరాజ్ తీగ మహా దూకుడు మనిషి, వదిలేస్తే ఆకే తప్ప కాయ ఇవ్వదు. దాన్ని అదుపులో పెట్టడం నాకు మూడేళ్ళు పట్టింది. రమ్యకి వారం పట్టింది.

సారా ద్రాక్ష అన్నావు. అనుకో. విజయవాడ నుంచి ఒక రైతు పత్రిక వాళ్ళు ఈ షిరాజ్ రకం మీద తెలుగులో వివరంగా రాసిమ్మన్నారు. ఎర్ర వైన్ చేసే రకాల్లో మన దేశంలో బాగా పేరున్నది ఇదే. చిన్న కాయ, కోలగా ఉంటుంది, నలుపూ నీలమూ కలిసిన రంగు, పైన బూడిద చల్లినట్టు తెల్లటి పొర. రుచి చెప్పడానికి తెలుగు మాటలు వెతుక్కుంటున్నాను. రమ్య సాయం చేస్తోంది.

అన్నట్టు, తీగల్లో జడ చిక్కుకుంటోందని మెడదాకా కత్తిరించుకుంది. నేనే తీసుకెళ్ళాను. ఎంత బావుందో! ఫొటో పంపమంటే "అమ్మ ఏడుస్తుంది పిన్నీ" అంటోంది. నువ్వేం ఏడవవని చెప్పాను.

నీ చెల్లెలు,
పద్మప్రియ


తాడేపల్లిగూడెం,
16 అక్టోబరు 2024

పద్మా,

నేను ఏడవలేదు. నువ్వు చెప్పినట్టే.

అది పుట్టినప్పుడు గుండు మీద నూగు కూడా లేదు. మందారాకు నూరి, కొబ్బరినూనె కాచి, ఆదివారం ఆదివారం ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి పెంచిన జుట్టది. ఏటా రెండు కత్తెరలు పడతాయని రాశావు, నా కూతురి తల కూడా ఆ లెక్కలోకే వచ్చిందా? తీసుకెళ్ళేముందు ఒక్క మాట అడగాలనిపించలేదు నీకు. ఎందుకనిపిస్తుంది, ఇప్పుడు పిన్నివి కదా.

రోజూ ఫోన్ చేస్తుంది, చెయ్యదని అనను. నాలుగు మాటల్లో మూడు పిన్నివే. "పిన్ని అలా చెయ్యమంది, పిన్నికి ఆ సంగతి తెలుసు, పిన్ని నవ్వితే భలే ఉంటుందమ్మా." నీ నవ్వు నాకు తెలియదా? ఆగడాలలంకలో కొల్లేటి గట్టు మీద నా లంగా పట్టుకుని తిరిగినదానివి. నిన్ను నవ్వించిందే నేను.

రెండు ప్లేట్ల పోహా సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇరవై ఏళ్ళు నేను దోసె ముక్క చేతిలో పట్టుకుని దాని వెనకాల బస్సుదాకా పరిగెత్తానని మీ బావగారికి తెలుసు, ఆయన నవ్వుతారని.

మొన్న ఏలూరులో పెళ్ళికెళ్తే, మీ అమ్మాయి ఎక్కడుందని అందరూ అడిగేవాళ్ళే. షిరాజ్ అని నోరు జారాను. అదేమిటంటే, ఊరు పేరన్నాను. ఇరాన్‌లో ఉందట కదా, టీవీలో విన్నాను. "అబ్బో, ఇరాన్ పంపారా" అని ముక్కు మీద వేలేసుకున్నారు. ఇదంతా నీ మూలానే.

కారప్పూస పంపుతున్నాను. అది దానికి. నీక్కాదు.

సత్యవేణి


దిండోరి,
22 డిసెంబరు 2024

అక్కా,

కారప్పూస నేనూ తిన్నాను. రమ్యే పెట్టింది.

జుట్టు విషయం అడగాల్సింది. నిజమే. అప్పుడు తోచలేదు.

ఇరాన్ సంగతి నువ్వొక్కదానివే కాదు, చాలామంది పొరపడేదే. ఆ పేరుతో అక్కడ పాత ఊరు ఉన్నమాట నిజం. కానీ ఈ ద్రాక్ష పుట్టిల్లు ఫ్రాన్స్, రోన్ అనే నది పక్కన. అక్కడ దీన్ని సిరా అంటారు. ఆస్ట్రేలియా వెళ్ళాక షిరాజ్ అయింది. ఎవరికీ పెద్దగా తెలియని రెండు పాత రకాలు కలిసి పుట్టిన బిడ్డ ఇది. తల్లిదండ్రుల పేర్లు మరుగున పడ్డాయి, పిల్ల మాత్రం ప్రపంచమంతా తిరుగుతోంది. పెళ్ళిలో ఈసారి ఎవరైనా అడిగితే అలా చెప్పు.

ఇప్పుడు గుత్తులు రంగు తిరుగుతున్నాయి. ఒకే గుత్తిలో ఆకుపచ్చా, గులాబీ, నలుపూ పక్కపక్కనే. పగలు ఎండ, రాత్రి వణికించే చలి. ఆ చలే దీనికి కావాలి. వేడి ఎక్కువైతే వైన్ ఉడికిన పళ్ళ జామ్‌లా తయారవుతుంది. చలి తగిలితే మిరియం వాసన వస్తుంది. షిరాజ్ గొప్పంతా ఆ మిరియంలోనే ఉందంటారు.

పోయిన వారం పాత సీసాలు విప్పి వరసగా గ్లాసుల్లో పోశాం. రమ్య తాగదు, నీ మీద ఒట్టు, వాసన చూసి, పుక్కిలించి ఉమ్మేస్తుంది. మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే, "మిరియాలు, పిన్నీ! అప్పుడే దంచినవి. అడుగున నేరేడుపండు, ఆ పైన బొగ్గుల మీద కాల్చిన వంకాయ తొక్క" అంది. మా వైన్ మేకర్ లేచి నిలబడ్డాడు. అలాంటి ముక్కు వెయ్యిమందిలో ఒకరికి ఉంటుందన్నాడు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఇది ఇక్కడే పుట్టాల్సిన పిల్ల అనిపించింది అందరికీ.

అందుకే ఒక మాట. కంపెనీ వాళ్ళు దీన్ని కోత తర్వాత కూడా ఉంచుకుంటామంటున్నారు. ఉద్యోగమే. నువ్వేమంటావ్? తొందరలేదు, నిదానంగా ఆలోచించి రాయి.

పద్మ


తాడేపల్లిగూడెం,
19 జనవరి 2025

పద్మా,

ఇక్కడే పుట్టాల్సిన పిల్ల అని రాశావు. అది ఏలూరులో పుట్టింది. నేను కన్నాను. ఎవరికైనా అనుమానం ఉంటే చెప్పు.

మిగతా సంగతులు తర్వాత. నెలరోజులుగా కుడిపక్క డొక్కలో నొప్పి వస్తోంది. గాల్ బ్లాడర్‌లో రాళ్ళన్నారు. వచ్చే నెల మొదట్లో ఏలూరులో ఆపరేషన్. పెద్దదేం కాదట, మీ బావగారు ఉన్నారు, పక్కింటి సాయిప్రియ తోడుంటానంది.

రమ్యకి చెప్పకు. కోత ముందర దాని మనసు పాడుచెయ్యడం నాకిష్టంలేదు. మీ బావగారి చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. నువ్వూ చెప్పనని ఒట్టెయ్యి.

సత్యవేణి


దిండోరి,
30 జనవరి 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి వెంటనే బయల్దేరదామనుకున్నాను. నేను వస్తానంటే వద్దంటావు. అందుకే అడగకుండా బాలస్వామి చేత ఎండుద్రాక్ష పంపుతున్నాను, డాక్టర్ని అడిగి తిను.

రమ్యకి చెప్పలేదు. అన్నం తింటూ "అమ్మ గొంతు నీరసంగా ఉంది పిన్నీ, ఏమైనా చెప్పిందా" అని అడిగింది. లేదన్నాను. నీ మాట కోసం ఆ అబద్ధం ఆడాను.

రేపట్నుంచి కోత. షిరాజ్ పండాక ఎక్కువ ఆగదు, నాలుగు రోజులు ఆలస్యం చేస్తే కాయ ముడతలు పడిపోతుంది. తెల్లారకముందే చల్లగా ఉన్నప్పుడే కొయ్యాలి. బెంగళూరు అవతల నందికొండల కింద తోట చూసే క్యాథరిన్ అనే ఆవిడ మా కోత చూడ్డానికొచ్చింది. రమ్యని పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే కబుర్లు. "మా మట్టి వేరు, మా చలి వేరు, వచ్చి చూడు" అంటోంది. మా పిల్లతో ఈవిడకేం పనో.

ఆపరేషన్ అవగానే బావగారిని నాకు ఫోన్ చెయ్యమను.

పద్మ


తాడేపల్లిగూడెం,
16 ఫిబ్రవరి 2025

పద్మా,

కుట్లు ఆరుతున్నాయి. కూర్చుని రాయగలుగుతున్నాను.

ఆస్పత్రిలో నా మంచం తలుపుకి ఎదురుగా ఉంది. తలుపు చప్పుడైనప్పుడల్లా చూశాను. నర్సు, ఆయా, పక్కమంచం వాళ్ళ కోడలు, కాఫీ ఫ్లాస్కుతో మీ బావగారు. ఆ కోడలు అత్తగారి కాళ్ళు పడుతూ "మీకు ఆడపిల్లలు లేరా అండీ" అని అడిగింది. ఉంది, షిరాజ్ కోస్తోంది అని చెప్పనా?

చెప్పొద్దన్నాను. అంటే చెప్పకుండా ఉండిపోతావా? నేను కడుపు మాడ్చుకుని "ఆకల్లేదు" అన్నప్పుడల్లా నా కంచంలో అన్నం పెట్టినదానివి నువ్వు. నేను వద్దన్న మాటల్లో ఏది నిజంగా వద్దో, ఏది కాదో నీకు తెలియదా? తెలుసు. తెలిసే ఊరుకున్నావు. అది వచ్చేస్తే నీ కోత ఏమైపోతుంది, నీ పత్రికలో వ్యాసానికి మాటలెవరిస్తారు?

నీ కొడుకు నీతో మాట్లాడడు. ఆ ఖాళీ కుర్చీలో నా కూతుర్ని కూర్చోబెట్టుకున్నావు. ఉంచుకో. ఉద్యోగం ఇస్తారుగా, ఉంచుకో.

ఎండుద్రాక్ష సాయిప్రియ పిల్లలకి పెట్టేశాను.

సత్యవేణి


దిండోరి,
24 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ ఉత్తరం మీ మరిది చేతికి ఇవ్వలేదు. అభిరామ్ గురించి నువ్వు రాసిన వాక్యం ఆయన చదవకూడదు.

నిజమే, వాడు మాట్లాడడు. ఫోన్ చేస్తే "ఆఁ, ఊఁ, తర్వాత చేస్తా" అంటాడు. రమ్య వచ్చిన కొత్తలో ఆ కుర్చీలో దాన్ని చూసి నాకు సంతోషమేసిన మాటా నిజమే. కానీ ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో విను.

వైన్ గురించి దాన్ని ఏ మాట అడిగినా నీ వంటింట్లోంచే వచ్చింది. మిరియాలంటే అమ్మ రోట్లో దంచినవి. నేరేడుపళ్ళంటే అమ్మ ఉప్పు చల్లి గిన్నెలో ఎగరేసినవి. పొగంటే అమ్మ వంకాయ కాల్చేటప్పుడు వచ్చేది. నేనేదైనా కొత్తగా వండితే "బావుంది పిన్నీ" అని, ఒక్క క్షణం ఆగి, "అమ్మ ఇంకోలా చేస్తుంది" అనేది. ఆ ఒక్క క్షణం ఆగడమే నాకు పెట్టిన పీట. జ్వరమొచ్చి రెండ్రోజులు పడుకుంది, నీకు చెప్పలేదు కదూ? తడిగుడ్డ నేను వేస్తుంటే "అమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు తెరిచి చూసి, "నువ్వా పిన్నీ" అంది. అంతే.

ఇంకో సంగతి, ఇది ఎవరికీ చెప్పలేదు. షిరాజ్‌లో మిరియం వాసన తెప్పించే పదార్థం కొందరి ముక్కుకి అసలు అందదు. ఎంత అనుభవమున్నా అందదు, పుట్టుకే అంత. నాకందదు. పదమూడేళ్ళుగా ఈ తోటలో ఉన్నాను, షిరాజ్ మనిషినని అంతా అంటారు, ఏ గ్లాసు ఇచ్చినా "మిరియం బావుంది" అని పక్కవాళ్ళని చూసి చెబుతాను. నీ కూతురు మొదటి గ్లాసులోనే పట్టుకుంది. గర్వంగా ఉందని రాశాను. గర్వం ఒక్కటే కాదక్కా. ఆ రోజు బయటికి వెళ్ళి చేతులు కడుక్కునే నెపంతో కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నీకున్నవన్నీ నీకుండగా, ఆ ముక్కు కూడా నీ కూతురికే ఇవ్వాలా దేవుడు?

నిన్న బావగారు ఉండబట్టలేక నీ ఆపరేషన్ సంగతి రమ్యకి ఫోన్లో చెప్పేశారు. రమ్య మొదట నమ్మలేదు. తర్వాత నా వైపు తిరిగి "నీకు తెలుసా?" అంది. తెలుసన్నాను. నీ ఒట్టు సంగతి చెప్పాను. "ఆవిడ వద్దంది, నువ్వు సరేనన్నావు. మధ్యలో నేనెవర్ని?" అని బట్టలు సర్దుకుంది. మీ మరిది స్టేషన్లో దింపి వచ్చారు. ఈ ఉత్తరం కంటే ముందే నీ ఒళ్ళో ఉంటుంది.

గెలిచావులే.

పద్మప్రియ


తాడేపల్లిగూడెం,
18 మార్చి 2025

పద్మా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. అభిరామ్ మాట నేను రాయకూడనిది. కుట్టు నొప్పి మీద పెట్టి తప్పించుకోను. రాయకూడనిది రాశాను.

గెలిచానన్నావు. విను ఎలా గెలిచానో.

రమ్య వచ్చింది. గుమ్మంలో ఆ మెడదాకా జుట్టుతో చూసి, ఒక్క క్షణం నువ్వే వచ్చావనుకున్నాను, చిన్నప్పటి నువ్వు. నా కుట్లు చూసింది, మందులు చూసింది, వంటంతా తనే చేసింది. మాట్లాడలేదు. పోట్లాడితే బావుణ్ణు. ఏమడిగినా "ఊఁ". నీ కొడుకు "ఊఁ" ఎలా ఉంటుందో అప్పుడర్థమైంది నాకు.

ఒకరోజు పొద్దున్న నేనే దోసె తెచ్చి "తినవే, అక్కడ మీ పిన్ని పెడితే రెండు ప్లేట్లు తినేదానివట" అన్నాను. ఎందుకన్నానో, నోరు ఊరుకోదుగా. చేతిలో గరిటె కింద పెట్టేసి, "అమ్మా, నిజం చెప్పు. మీ ఇద్దరికీ నేను కావాలా, ఒకరి మీద ఒకరు గెలవడం కావాలా?" అంది.

మీ బావగారు పేపరు మడిచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

"ఆపరేషన్ అయితే నాకు చెప్పవు, నేను రాలేదని పిన్నిని తిడతావు. పిన్నేమో నీ మీద కోపం వస్తే నాకు అన్నం ఎక్కువ పెడుతుంది. ఇద్దరి దగ్గరా నాకు ఊపిరాడట్లేదు" అంది. ఏడుస్తూ తిన్నది ఆ దోసె. ఏడుస్తూనే పూర్తిగా తిన్నది. నేనూ ఏడ్చాను.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. నందికొండల దగ్గర ఆ క్యాథరిన్ గారి తోటలో చేరుతోందట. అక్కడా షిరాజే. నన్ను అడగలేదు, చెప్పింది. నీకూ తనే ఫోన్ చేసి చెబుతానంది. చేసిందా?

బెంగళూరు వెళ్ళే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చాం. రైలు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపింది. భీమడోలు దాటిందని, ఏలూరు దాటిందని మెసేజ్‌లు పెట్టింది. తర్వాత ఆగిపోయాయి. నిద్రపోయి ఉంటుందన్నారు మీ బావగారు.

ఇక్కడ మార్కెట్లో నీ వ్యాసం వచ్చిన పత్రిక ఆయనకి ఎవరో ఇచ్చారు. చదివాను. నేరేడుపండు, కాల్చిన వంకాయ అన్నీ ఉన్నాయి. "ఈ వాసన అందరికీ అందదు, అందకపోవడం లోపమూ కాదు" అని చివర్లో రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. అంత ధైర్యం నాకు లేదే.

వేసవిలో ఒకసారి రా. నువ్వూ, మరిదిగారూ. అభిరామ్ వస్తే వాణ్ణి కూడా తీసుకురా. నేనేం మాట్లాడించను, వాడి మానాన వాణ్ణి వదిలేస్తాను.

నీ అక్క,
సత్య


దిండోరి,
2 ఏప్రిల్ 2025

అక్కా,

మళ్ళీ కత్తెరలు మొదలయ్యాయి. తోటంతా మోడులా ఉంది.

రమ్య ఫోన్ చేసింది. ఇక్కడ ఉద్యోగం కాదన్నందుకు క్షమించమంది. బాగా చెయ్యమన్నాను. అరగంట మాట్లాడితే ఇరవై నిమిషాలు క్యాథరిన్ మేడమే. మేడమ్ పొద్దున్నే తనతో కలిసి నడుస్తుందట, మేడమ్ తిట్టినా నవ్వు వచ్చేలా తిడుతుందట. మేడమ్‌కి మిరియం వాసన తెలుస్తుందట. అది చెప్పినప్పుడు ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

ఆవిడకి పెళ్ళయిందా, పిల్లలున్నారా అని అడిగితే "ఎందుకు పిన్నీ" అంది. ఊరికే అన్నాను. నీకేమైనా తెలిస్తే రాయి.

మే మొదటివారం వస్తాం. అభిరామ్‌ని అడిగాను. "చూద్దాం" అన్నాడు. వాడి భాషలో అది చాలా పెద్ద మాట.

పద్మ


తాడేపల్లిగూడెం,
13 ఏప్రిల్ 2025

పద్మా,

ముందు గది మీకు, డాబా మీద గది అభిరామ్‌కి. సున్నం వేయిస్తున్నాను.

ఆవిడకి పెళ్ళయింది. ఇద్దరు మగపిల్లలట, పెద్దవాళ్ళయ్యారు. ఆడపిల్లలు లేరు. నేను కనుక్కున్న సంగతి రమ్యకి తెలియకూడదు.

నిన్న నాకు ఫోన్ చేసి కొల్లేటి కొరమీను పులుసు ఎలా పెట్టాలని అడిగింది. ఇరవై మూడేళ్ళలో ఏనాడూ నన్ను ఏ వంటా ఎలా అని అడగని పిల్ల. ఎవరికే అంటే, మేడమ్‌ని భోజనానికి పిలిచిందట. వాళ్ళ షిరాజ్‌తో ఆ పులుసు బ్రహ్మాండంగా కుదురుతుందట. అక్కడ కొరమీను ఎక్కడ దొరుకుతుందో నాకైతే తెలియదు.

సరేనని చెప్పాను. చింతపండు ఎంతో, మంట ఎంతో, గిన్నె కదపాలి తప్ప గరిటె పెట్టకూడదని, అన్నీ చెప్పాను. దించే ముందు చల్లే వేయించిన మెంతిపొడి సంగతి మాత్రం చెప్పలేదు.

కుదరకపోతే నీకు ఫోన్ చేస్తుంది.

నువ్వూ చెప్పకు.

అక్క